జేబులో ఉండిపోయిన జంపర్

సాయంత్రం ఆరుకు ఐదు నిమిషాలుండగా ఏజెంటు రుమాలు కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి జంపర్ తగిలింది.

జంపర్ అంటే గోరులో సగం ఉండే ప్లాస్టిక్ ముక్క. లోపల లోహపు రేకు ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ వెనక సూదుల్లాంటి పిన్నులు ఉంటాయి. వాటిలో రెండు పిన్నుల మీద జంపర్ తొడిగితే ఆ డిస్క్ మాస్టర్, తీసేస్తే స్లేవ్. ఒకే కేబుల్‌కి రెండు డ్రైవ్‌లు తగిలిస్తే ఒకటి మాస్టర్ కావాలి, రెండోది స్లేవ్ కావాలి. రెండూ స్లేవ్‌లైతే కంప్యూటర్ మొరాయిస్తుంది.

ఆ జంపర్ ఉండాల్సిన డిస్క్ ఎదుటి మేడలో, మూడో అంతస్తులో ఉంది.

"ఏం డెంటిస్టూ, అలా అయిపోయావ్?" అన్నాడు చీఫ్. ఏజెంటు ఎప్పుడు చూసినా చేతిలో పట్టకారుతో ఉంటాడని గూఢచారి డిపార్టుమెంటులో ఆ పేరు పెట్టారు.

"ఇది నా దగ్గరే ఉండిపోయింది సార్."

చీఫ్ జంపర్ వంక చూశాడు. తర్వాత కిటికీలోంచి ఎదుటి మేడ వంక చూశాడు. వాళ్లు కూర్చున్నది రిపేరు షాపు. డిపార్టుమెంటు అద్దెకు తీసుకుంది.

మూడో అంతస్తులో ఎగుమతుల కంపెనీ బోర్డు ఉంది. దాన్ని నడిపేవాణ్ణి అక్కడ అందరూ పెదనాన్న అంటారు. అతను ఎవరికీ పెదనాన్న కాడు. విమానాశ్రయం రాడార్ కోడ్‌లు విదేశీ ముఠాకు అమ్ముతున్నాడు. ఆరింటికి కొనేవాడు వస్తాడు. పెదనాన్న కంప్యూటర్‌లో ఫైలు తెరిచి చూపిస్తాడు. అప్పుడు మెట్ల మీద కాచుకున్న పోలీసులు తలుపు పగలగొట్టాలి. ఈలోపు పెదనాన్న ఒక్క మీట నొక్కితే ఫైలు చెరిగిపోతుంది. అందుకే ముందుగా కాపీ తీయాలనుకున్నారు.

డిస్క్ తెచ్చింది పెదనాన్న సెక్రటరీ. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ డిపార్టుమెంటుకు పనిచేస్తున్న డబుల్ ఏజెంట్. మనిషికన్నా ముందు సెంటు వాసన వస్తుంది కాబట్టి ఆమె కోడ్ పేరు సెంటు. మధ్యాహ్నం పెదనాన్న భోజనానికి వెళ్లగానే మేకప్ పెట్టెలో డిస్క్ పెట్టుకుని షాపుకు వచ్చింది. మాస్టర్‌గా తగిలిస్తే దాన్లో తాళం ప్రోగ్రాం లేస్తుంది. అందుకని ఏజెంటు జంపర్ తీసి, జేబులో వేసుకుని, స్లేవ్‌గా తగిలించాడు.

కాపీకి పది నిమిషాలు చాలనుకున్నారు. కానీ కేబుల్ పాతది, నలభై తీగలది, నలిగింది. డేటాలో తప్పులు దొర్లాయి. తప్పులు పెరిగేకొద్దీ కంప్యూటర్ దానంతటదే వేగం తగ్గించుకుంటూ వచ్చి, అల్ట్రా డీఎంఏ అనే వేగం నుంచి అన్నిటికన్నా నెమ్మదైన పీఐఓ మోడ్‌కి దిగిపోయింది. పది నిమిషాల పని గంటకు దగ్గరైంది.

"డాక్టరుగారూ, పన్ను ఊడిందా లేదా? అక్కడ మా పెదనాన్న చేతులు కడుక్కుంటుంటాడు," అంది సెంటు గుమ్మంలోంచి.

అయిపోగానే ఏజెంటు డిస్క్ ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పరుగున వెళ్లి దాన్ని ఎక్కడిది అక్కడ బిగించింది. ఆ కంప్యూటర్‌లో అదే కేబుల్ మీద సీడీ డ్రైవ్ ఉంది. అది స్లేవ్.

"పాత కేబుల్ ఎందుకు తెచ్చావ్?" అని చీఫ్ అప్పుడే అడిగాడు.

"స్టోరులో అదే ఉంది సార్."

అది అబద్ధం కాదు. స్టోరులో ఉన్న ఒక్క ఎనభై తీగల కేబుల్‌ను ఏజెంటే ఇంటికి పట్టుకెళ్లాడు. ఇంట్లో కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని కూతురు గొడవ చేసింది.

ఇప్పుడు చీఫ్ అన్నాడు: "కాపీ మన దగ్గరుంది. కూర్చో."

"కంప్యూటర్ లేవకపోతే కొనేవాడు వెళ్లిపోతాడు సార్."

"పోతే పోనీ."

"డిస్క్ ఎవరు తీశారని పెదనాన్న చూస్తాడు. ఆ గది తాళం ఆయన దగ్గరొకటి, ఆమె దగ్గరొకటి."

"రెండు వైపులా జీతం తీసుకున్న మనిషి. ఎలా బయటపడాలో మనకన్నా బాగా తెలుసు."

ఏజెంటు కూర్చోలేదు. యూపీఎస్ మెకానిక్ చొక్కా తొడుక్కున్నాడు. కాలర్ లోపల మైక్ పెట్టుకున్నాడు. పట్టకారు దాచిన పెన్ను జేబుకు తగిలించాడు. మీసం అతికించుకునే టైం లేదు.

సెంటు తలుపు తీసింది.

"యూపీఎస్ చూడాలమ్మా. గ్యారంటీ ఉందా?"

వాళ్ల కోడ్ భాషలో గ్యారంటీ అంటే ప్రమాదం. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎవరమ్మాయ్?" లోపల్నుంచి పెదనాన్న గొంతు.

"యూపీఎస్ అబ్బాయి పెదనాన్నా. పొద్దున్నుంచీ కూస్తోందని నేనే పిలిచా."

లోపల కంప్యూటర్ తెర నల్లగా ఉంది. డిస్క్ దొరకలేదని దాని మీద ఒకే వాక్యం. కొనేవాడు కుర్చీలోంచి లేచాడు. పెదనాన్న కుడిచెయ్యి సొరుగులో ఉంది. అతను సెంటు వంక చూస్తున్నాడు.

"పొద్దున బాగానే ఉందిగా అమ్మాయ్?"

"కరెంటు సరిగ్గా అందకపోతే ఇలాగే వస్తుంది సార్," అన్నాడు ఏజెంటు. "ఆపి, ఒకసారి లోపల చూస్తా."

"చూడు. నీ చేతులు నాకు కనబడాలి."

ఏజెంటు కంప్యూటర్ ఆపి మూత తీశాడు. పెన్నులోంచి పట్టకారు లాగి జంపర్‌ను పట్టుకున్నాడు. వేళ్లకు చెమట పట్టింది. జంపర్ జారి కేబుల్ మడతలో పడింది.

"చీకటిగా ఉంది. లైటు పట్టు అమ్మా," అన్నాడు.

సెంటు టార్చ్ తెచ్చి పక్కన వంగింది. జంపర్‌ను చూసింది. అతని మొహం చూసింది. అతను ఒక వేలితో రెండు పిన్నులు చూపించాడు. ఆమె గోళ్లు పొడుగు. రెండు గోళ్లతో జంపర్ తీసి పిన్నుల మీద నొక్కింది.

"అమ్మాయ్, అడ్డం లే." సొరుగులోంచి పిస్తోలు బయటికొచ్చింది.

ఆమె పక్కకు జరిగింది. ఏజెంటు స్విచ్ వేశాడు. డిస్క్ గిర్రున తిరిగింది. తెర పాస్‌వర్డ్ అడిగింది. పిస్తోలు బల్ల మీదికి దిగింది. కొనేవాడు మళ్లీ కూర్చున్నాడు. పెదనాన్న ఫైలు తెరిచాడు.

"బ్యాటరీ మార్చాల్సిందే సార్," అన్నాడు ఏజెంటు కాలర్ దగ్గరగా.

తలుపు పగిలింది. పెదనాన్న మీట నొక్కాడు. తెర ఖాళీ అయింది. అతను నవ్వాడు.

"కాపీ ఉందిలే పెదనాన్నా," అంది సెంటు. పిస్తోలు అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఆఫీసుకు తిరిగి వెళ్లే జీపులో ఆమె ఏజెంటు పక్కన కూర్చుంది. తర్వాత అంది: "బిగించేటప్పుడు ఆ ముక్క నేనే ఎక్కడో పడేసుంటా. మీరు రాకపోతే నా పని అయిపోయేది. ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే."

ఏజెంటు రెండు వీధులు దాటేదాకా కిటికీలోంచి చూశాడు.

"మీరు పడెయ్యలేదు. నా జేబులో ఉండిపోయింది. కాపీ ఆలస్యమైందీ నా వల్లే. మంచి కేబుల్ మా ఇంట్లో ఉంది."

"ఇంట్లోనా?"

"మా అమ్మాయి గేమ్స్ ఆడుకుంటుంది."

సెంటు తన గోళ్ల వంక చూసుకుంది. ఒకటి విరిగింది.

"గెలుస్తుందా?"

"ఎక్కువగా ఓడిపోతుంది."

మర్నాడు పొద్దున ఎనభై తీగల కేబుల్ స్టోరుకు తిరిగి చేరింది. ఇన్నాళ్లూ ఎక్కడుందని స్టోర్ కీపర్ అడిగాడు. ఏజెంటు చెప్పాడు.