నంబర్ వచ్చేదాకా

"ఉన్నదంతా అందులనే ఎయ్యండి మేడమ్. మా సైట్ల ఒకాయన చెప్పిండు, దీపావళికల్లా డబులైతదట."

ముంబై ఫాక్‌లాండ్ రోడ్డులోని మొబైల్ షాపు కౌంటర్ మీదకి ఫోన్ తోసి ఆ మాటన్నవాడు రాజలింగం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన తాపీమేస్త్రీ. మోచేతుల దాకా సిమెంటు. కౌంటర్ వెనక కూర్చున్న నీత ఆ ఫోన్‌ని మళ్లీ అతనివైపే తోసింది.

"అంత పక్కా తెలిస్తే ఆయనింకా ఇటుకలెందుకు మోస్తుండు?"

రాజలింగం ముఖం మాడిపోయింది. "నా పైసలు, నా ఇష్టం."

"అరే బాబా, ఇష్టమే. గని బిట్‌కాయిన్ ఇయ్యాల ఇంతుంటది, రేపు సగమైతది. పోయినా ఏడ్వనంత ఎయ్యి చాలు. వారం వారం కొద్దిగ. మిగిలింది బ్యాంకుల ఉండనీ. ఇంకోటి, ఓటీపీ ఎవ్వరికీ చెప్పకు. నాకు గూడ."

"మీకు గూడనా?"

"నేనెవర్ని నీకు?"

అన్నాక ఆ మాట ఆమెకే కటువుగా వినిపించింది.

అయినా రాజలింగం మళ్లీ ఆదివారం వచ్చాడు. ఆ తర్వాత ఆదివారమూ వచ్చాడు. డబులాశ చూపిన పెద్దమనిషి ఈలోగా కొందరి పైసలతో మాయమయ్యాడు. రాజలింగం పైసలు మాత్రం భద్రం. ఎదురుగా నిలబడి, కొంచెం కొంచెంగా, తన వేలితోనే నొక్కి వేసుకునేవాడు. ఆ పని అతనికి త్వరలోనే వచ్చేసింది. అయినా నీత, "యాప్ మారుతుంటది. ఈడికే రా" అంది. అబద్ధానికి చెవులు వేడెక్కాయి.

అమ్మ పోయాక కామాటిపురాలోని పాత చాల్ భవనంలో, ఒంటిగది ఖోలీలో నీత ఒక్కతే. రోజంతా మరాఠీ, హిందీ. పక్క ఖోలీ పెంటమ్మత్త నీళ్లొచ్చాయని కేకేస్తేనే చెవిన తెలుగు పడేది. ఆదివారం రాజలింగం వచ్చి "తిన్నరా?" అని అడిగితే, ఆ పూట నీతకి వంట చేసుకోవాలనిపించేది. మిగతా రోజులు వడాపావ్‌తో గడిచిపోయేవి.

వానలు మొదలైన ఒక ఆదివారం రాజలింగం తడిసి వచ్చాడు.

"వచ్చే వారం నుంచి రాను మేడమ్. ఈడ టవర్ పనైపోయింది. పన్వేల్ పంపుతుండ్రు."

నీతకి ముందుగా తోచింది వచ్చే ఆదివారం మధ్యాహ్నం. ఖాళీ కుర్చీ, ఫ్యాను చప్పుడు.

"మంచిది," అంది. "నీకంతా వచ్చేసింది గదా."

అతను కదల్లేదు. "ఒకటడుగుత. నా నంబర్ ఎప్పుడొస్తది?"

"ఏం నంబర్?"

"భిశీల ఒస్తది గదా. అందరం వారం వారం ఏస్తం, చీటీల ఎవరి పేరొస్తే మొత్తం వాళ్లది. దీంట్ల నా పేరింకా రాలే. అడిగితే తొందరపడ్తుండు అనుకుంటరని ఊకున్న."

చాల్‌లో ప్రతి అంతస్తులో ఒక భిశీ నడుస్తుంది. అక్కడే పుట్టి పెరిగిన నీత, ధరలు పడతాయని చెప్పింది, మోసాలు చెప్పింది. ఇది భిశీ కాదని చెప్పాలని మాత్రం తట్టలేదు. నవ్వు రాబోయి అతని కళ్లు చూసి ఆగిపోయింది.

"దీంట్ల నంబర్ రాదు రాజలింగం. నువ్వు కొన్నది నీ దగ్గర్నే ఉంటది. పెరిగితే పెరుగుతది, తగ్గితే తగ్గుతది. నీ పేరు ఎవ్వరూ తియ్యరు."

"ఎన్నడూ?"

"ఎన్నడూ."

"మరి నేనెప్పుడు అడగాలె?"

"ఏమడగాలె?"

అతను వాన వైపు చూశాడు. "నంబరొస్తే చేతిల ఇంత పెట్టుకొని మిమ్ములనే అడుగుదామనుకున్న. ఉత్త చేతులతోని ఎట్లడగాలె? ఒక ఖోలీ లేదు, ఈ ఊర్ల నావాళ్లు లేరు."

రోడ్డు మీద టాక్సీ ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది. ఇన్నాళ్లూ అతను కాయిన్ కోసమే వస్తున్నాడని, ఒకరోజు అమ్ముకుని వెళ్లిపోతాడని నీత తనకి తానే చెప్పుకుంది.

"ఆదివారం షాపుకి రాకు," అంది చివరికి.

రాజలింగం తలొంచుకున్నాడు. "సరే మేడమ్."

"ఇంటికి రా. లోకల్ రైలెక్కితే పన్వేల్ ఎంత దూరం? ఉత్త చేతులతోనే రా. నాకు పెద్దదిక్కు పెంటమ్మత్తనే. ఆమెతోని మాట్లాడు."

"ఏమని మాట్లాడాలె?"

"అది గూడ నేనే నేర్పాల్నా?"