వరస కుదరని పిల్లి

జత కాబోయే పిల్లికి నకలుగా చేసిన మరబొమ్మ, నీడపిల్లి, మళ్లీ తోక ఊపింది. ఇంటి పిల్లి బెల్లం అటువైపు తిరిగి కూడా చూడలేదు. రమాసుందరి చేతిలోని గురగుర మాపకం సున్నా దగ్గరే ఉండిపోయింది. "అయిష్టం" అని నమోదు చేసి, నీడపిల్లి మెడ వెనక మీట నొక్కి, దాన్ని సంచిలో పడేసింది. ఇంత ఖరీదైన చెత్తను ఇంత శ్రద్ధగా తయారుచేసే జాతి లోకంలో ఇంకోటి ఉండదని ఆమె నమ్మకం. పిల్లుల శాఖలో చూపుల అధికారిగా చేరిన మొదటి వారంలోనే ఏర్పడిన నమ్మకమది.

ఎండాడ గోపురాల్లో పిల్లులు తలుపు దాటవు. మనుషులూ దాదాపు అంతే. పరిశుభ్రత పేరు చెప్పి వీధిపిల్లుల్ని ఏరిపారేశాక, ఇళ్లలో మిగిలినవాటికి ఒంటరితనం పట్టుకుంది. ఒంటరి పిల్లి ఉన్న ఇంట్లో గాలి చెడుతుందని ఎవరో మహానుభావుడు తేల్చాడు. ఒక్క పిల్లినైనా ఎత్తుకుని చూసి ఉండడు. అప్పట్నుంచి ప్రతి పిల్లికీ జత ఉండి తీరాలి. ఆ జతను జంటయంత్రమే కుదర్చాలి. మూడు జతల్ని కాదన్న పిల్లిని ఆ సాయంత్రానికి నిద్రశాలకు తీసుకుపోవాలి. నిద్రశాలకు వెళ్లి లేచి వచ్చిన పిల్లి ఇంతవరకు లేదు.

బెల్లానికి ఇది మూడో చూపు.

"అయిపోయినట్టేనేటండీ?" అన్నాడు ఎర్నాయుడు. ఇంట్లో కుర్చీలోంచి కదలకుండా రేవులో క్రేన్లు నడుపుతాడతను. ఓడల్ని ఖాళీ చేసే చేతులు పిల్లి వీపు నిమురుతున్నాయి.

"అయినట్టే. మీ మహారాణికి ఎవరూ కంటికి ఆనడం లేదు."

"తింటంది, తొంగుంటంది. నా పక్కనే ఉంటది. దీనికేటి లోటండీ? మీరట్టుకెల్లిపోతే ఈ ఇంట్లో నానేటి సెయ్యాల?"

ఈ ప్రశ్న రమాసుందరి ప్రతి ఇంట్లోనూ వినేదే. ఏడుస్తారు, బతిమాలతారు, తర్వాత నెలకే కొత్త పిల్లికి దరఖాస్తు పెడతారు. ఆమె పిల్లిని తీసుకుపోయే బుట్ట మూత తీసింది.

బెల్లం అతని ఒళ్లోంచి జారి, నింపాదిగా వెళ్లి పడమటి గోడకు చెంప ఆనించి కూర్చుంది. మాపకం ఒక్కసారిగా చివరిదాకా ఎగిరింది. పాడైందేమోనని రమాసుందరి దాన్ని అరచేత్తో తట్టింది. పాడవలేదు. గోడకు అవతలినుంచి ఎవరో గోళ్లతో గీరుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవరుంటారు అక్కడ?"

ఎర్నాయుడు నేలచూపులు చూశాడు. "నూకరత్నం గారండి. ఆవిడికీ ఓ పిల్లుంది, మిరియం. రోజూ ఇదే వరసండి, ఇదిక్కడ, అదక్కడ."

"మరి ముందే చెప్పొచ్చు కదా!"

"యంత్రం సెప్పాల గానీ, మనం సెప్పకూడదన్నారు కదండీ మీవోళ్లు."

అది నిజమే. చెప్పకూడదన్నది శాఖవాళ్లే. రమాసుందరి చెవి దగ్గర మీట నొక్కి పర్యవేక్షకుడు చక్రధరరావును పిలిచింది. "సార్, గోడవతలే జత ఉంది. మాపకం నిండిపోయింది. యంత్రం ఎందుకు చూపించలేదు?"

"చూపించదమ్మా," అన్నాడాయన, చంటిపిల్లకు చెప్పినట్టు. "రెండూ ఒకే పెంపకశాల. వంశాంకం ఒకటే. అన్నాచెల్లెళ్ల వరస అవుతుంది."

"రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు కదా సార్. పక్కపక్కన పడుకోడానికి వరసేమిటి?"

"ఆచారాన్ని అలా తీసిపారేయకూడదు. నిబంధన నిబంధనే. సాయంత్రం లోపు తీసుకొచ్చెయ్."

జంటయంత్రాన్ని మొదట పిల్లుల కోసం చెయ్యలేదు. మనుషుల ముంజేతి మీద పచ్చబొట్టుగా పొడిచే వంశాంకం చూసి వాళ్ల పెళ్లిళ్లు కుదర్చడానికి చేశారు. మనుషులు పెళ్లిళ్లు తగ్గించుకున్నాక అదే యంత్రాన్ని పిల్లుల శాఖకూ అప్పగించారు. మనుషుల పేర్ల కింద పిల్లుల పేర్లు చేర్చారు. జాతకం గడి తీశారు, జీతం గడి తీశారు. వంశాంకం గడి దగ్గరికొచ్చేసరికి అంతమంది ఇంజనీర్లకూ చేతులు రాలేదు. పిల్లికి గోత్రం అడగడం వాళ్లకు విడ్డూరంగా అనిపించలేదు. ఆకలితో వచ్చినవాణ్ణి ముందు మీరెవరి తాలూకు అని అడిగే ఇళ్లలో పెరిగినవాళ్లు మరి.

రమాసుందరికి ఒళ్లు మండిపోయింది. బుట్ట అక్కడే వదిలేసి, పక్కింటి తలుపు తట్టింది.

నూకరత్నం మిరియాన్ని చంకనెత్తుకునే తలుపు తీసింది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చేసిన నూలు చీర. విషయం విని, ఏమీ అడక్కుండా నడవాలోకి వచ్చింది. ఎర్నాయుడి గడప ముందు మాత్రం ఆగిపోయింది.

"లోపలికి రండి," అంది రమాసుందరి.

"ఇన్నేళ్లలో ఈ గడప తొక్కనేదండి," అంది ఆమె.

తొక్కింది. మిరియాన్ని నేల మీద దింపింది. నల్లపిల్లి తిన్నగా నడిచి వెళ్లి బెల్లం చెవి నాకింది. బెల్లం కళ్లు మూసుకుంది. రెండూ కలిసి చేసే గురగుర గదంతా వినిపించింది. దానికి మాపకం అక్కర్లేదు.

రమాసుందరి మణికట్టుకు కట్టుకున్న జంటయంత్రం ఎర్రబడింది. "వరస కుదరదు. విడదీయండి."

"ఇదే మాట," అంది నూకరత్నం మెల్లగా. "మా ఇద్దరి పెళ్లికీ ఇదే మాట సెప్పీసిందండి, అప్పట్లో. ఇద్దరిదీ ఒకే వంశాంకం."

రమాసుందరి ఎర్నాయుడి వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

"ఈ ఇల్లు అందుకే తీసుకున్నారా?"

"పక్కిల్లు ఖాళీ అయిందంటే వొచ్చీసానండి. కూకుంటే ఆవిడ గిన్నెల సప్పుడు వినిపిస్తాది."

"ఛీ! ఓ మిషన్ కాదంటే గోడకు చెరోపక్కా కూచుని ముసలివాళ్లయిపోయారా? గోడ గీరడానికి పిల్లులకున్న పాటి పౌరుషం కూడా లేకపోయిందే మీకు!"

అన్నాక ఆమె చూపు తన చేతి యంత్రం మీద పడింది. ఆ యంత్రాన్ని చేత కట్టుకుని, అది చెప్పిన ప్రతి పిల్లినీ బుట్టలో వేసుకుపోయింది తనే కదా.

ఆమె మణికట్టు మీద బెల్లం వివరాలు తెరిచింది. అచ్చుతప్పులు దిద్దే హక్కు అధికారికి ఉంటుంది. వంశాంకం చెరిపేసి, గడి ఖాళీగా వదిలి, ముద్ర వేసింది. మిరియానిదీ అలాగే చెరిపింది. యంత్రం కాసేపు తడబడింది. తర్వాత పచ్చబడింది. "వరస ప్రశ్న లేదు. జత ఖాయం."

వెంటనే చెవిలో చక్రధరరావు గొంతు లేచింది. "ఏం చేశావమ్మా? ఖాళీ గడికి ముద్ర వేశావా? యంత్రం దాన్ని పూర్వోదాహరణగా తీసుకుంటోంది! వరస కుదరదని మూసేసిన దరఖాస్తులన్నీ వాటంతటవే తెరుచుకుంటున్నాయి!"

"మంచిదే కదా సార్. పిల్లులు బతుకుతాయి."

"పిల్లులవి మాత్రమే కాదమ్మా! అందులో మనుషులవీ ఉన్నాయి! అంకం చెరపమని జనం వచ్చి పడితే ఏం చెప్పాలి? వెనక్కి తీసుకో, వెంటనే వెనక్కి తీసుకో!"

గొంతు గదిలో అందరికీ వినిపించింది. ఎర్నాయుడు గొంతు సవరించుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు, మళ్లీ దించాడు.

"మేడమ్ గారూ... మనుషులదీ తీసీగలరేటండీ?"

అతను మాట పూర్తి చేసేలోపే నూకరత్నం ముందుకొచ్చి, వంశాంకం పచ్చబొట్టున్న ముంజేతిని రమాసుందరి ముందు చాపింది.

"ఈయన ఆలోచించుకునేసరికి తెల్లారిపోద్ది," అంది. "ముందు నాది సెరిపీయండి."