గాలిగొట్టం కింది చిక్కుడు

సుభాషిణి చిక్కుడు మొక్క వేళ్లను నీళ్లలో కడిగి దీపం కింద పెట్టి చూసింది. తెల్లగా, గట్టిగా ఉన్నాయి. కుళ్లు లేదు. ఆకుల అడుగున పురుగు జాడ లేదు. కుండీలో తడి ఎంత ఉండాలో అంతే ఉంది. అయినా ఆకులన్నీ తడిగుడ్డల్లా కిందికి వేలాడుతున్నాయి.

"గాలి చెడిపోయిందేటండీ?" అనడిగింది సన్యాసమ్మ. ఆమె చూపు మొక్క మీద లేదు. పక్కనే కట్టిన ఉయ్యాల మీద ఉంది. అందులో ఆమె మూడు నెలల కూతురు గౌరి ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. "మొక్క వాలిపోయినప్పుడల్లా పిల్ల కూడా ఇలాగే పడుకుండిపోతంది. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు మిట్టమధ్యాహ్నం. వేళాపాళా లేదు. లేపినా లెగదు. తీరా అందరూ పడుకునేసరికి లేచి ఒకటే ఏడుపు. ఆ గొట్టం కిందే కదండీ రెండూ ఉన్నాయి. అందులోంచి విషం ఏటైనా వస్తందేమోనని ఇరుగుపొరుగు అంటన్నారు."

సుభాషిణి పైకి చూసింది. ఉయ్యాలకూ కుండీకీ సరిగ్గా పైన గాలిగొట్టం మూతి ఉంది.

నీలపట్నం బంగాళాఖాతం అడుగున ఖనిజాలు తవ్వడం కోసం కట్టిన ఊరు. ఉక్కు గుమ్మటాల కింద వందలాది కుటుంబాలు కాపురముంటున్నాయి. ఎండ అక్కడికి దిగదు. దాని బదులు కప్పు నిండా దీపాలు పరిచారు. జనం దాన్ని ఆకాశం అనే పిలుస్తారు. తెల్లవారితే నారింజ రంగు, మధ్యాహ్నం తెలుపు, పొద్దుగూకేవేళ ఎరుపు, ఆ తర్వాత చీకటి. ఆఫీసులో ఉన్న మాస్టర్ క్లాక్ ఆ ఆకాశాన్ని నడుపుతుంది. గోడ గడియారాలు, ఫోన్లు, డ్యూటీ సైరను, పైనుంచి వచ్చే సందేశాల మీద తేదీలు కూడా దాని చెప్పుచేతల్లోనే ఉంటాయి. గాలి ఒక్కటే సముద్రం మీది నుంచి గొట్టాల్లో దిగివస్తుంది.

ఊరి కూరగాయల మడులు చూసుకోవడం సుభాషిణి ఉద్యోగం. సన్యాసమ్మ భర్త పైడిరాజు డ్రిల్లింగ్ యంత్రం నడుపుతాడు. మడుల్లో మిగిలిన విత్తనం ఒకటి అడిగి తీసుకుని సన్యాసమ్మ ఈ మొక్క వేసుకుంది.

ఆ రోజే సుభాషిణి మీటరు తెచ్చి గాలిని పరీక్షించింది. విషం లేదు. ఆ మాట చెప్పగానే సన్యాసమ్మ కళ్లు తుడుచుకుంది. సుభాషిణికి మాత్రం ముడి వీడలేదు. కుండీని గొట్టానికి దూరంగా గదిలో ఆ మూలకు జరిపించింది. కొన్నాళ్లకు మొక్క ఆకాశంతోపాటే లేచి, ఆకాశంతోపాటే వాలడం మొదలుపెట్టింది. తిరిగి గొట్టం కిందికి తెస్తే మళ్లీ పాత వరసే.

అప్పుడామె గొట్టం మూతి దగ్గర ఒక థర్మామీటరు కట్టింది. జవాబు దొరికింది. గొట్టంలో గాలి కాసేపు వెచ్చగా, కాసేపు చల్లగా వస్తోంది. పైన పగలైతే వెచ్చన, రాత్రయితే చల్లన. చిక్కుడు ఆకులు రాత్రిపూట వాలి నిద్రపోతాయని బోటనీ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. ఈ మొక్కకు జబ్బేమీ లేదు. నిద్రపోతోందంతే. దీపాలు పగలంటున్నాయి, గాలి రాత్రంటోంది. మొక్క, ఉయ్యాల్లో పిల్ల, ఇద్దరూ గాలినే నమ్మారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ చల్లగాలి వచ్చే వేళ రోజురోజుకూ ముందుకు జరుగుతోంది. నిన్న సాయంత్రం చల్లబడ్డ గాలి ఇవాళ మధ్యాహ్నం దాటగానే చల్లబడింది. సముద్రం మీద రాత్రి తొందరపడి రాదు కదా! మరి తప్పు ఎక్కడుంది?

సుభాషిణి ఒక దారానికి బోల్టు కట్టి తలుపు కమ్మీకి వేలాడదీసింది. అది పోయి రావడానికి సరిగ్గా ఒక సెకను పట్టేట్టు దారం కొలిచి కట్టింది. దారం పొడవు మారనంతకాలం లోలకం ఊపు మారదు. మాస్టర్ క్లాక్‌తో దానికి పని లేదు. గోడ గడియారం నిమిషం ముగించేసరికి బోల్టు అరవై సార్లు ఊగాలి. అరవై ఏడు సార్లు ఊగింది. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ అంతే.

అంటే నీలపట్నంలో నిమిషం పొడుగు. గంట పొడుగు. రోజు పొడుగు.

క్లాకు యంత్రం పాడైందనుకుంది పాపం. తిన్నగా మేనేజరు రఘోత్తమరావు గదికి వెళ్లి, కనిపెట్టినదంతా ఉత్సాహంగా చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా విన్నాడు.

"చాలా గొప్ప పని చేశారమ్మా. క్లాకును మావాళ్లు చూస్తారు. నాకొక్క సందేహం. గాలి చల్లబడకపోతే మొక్క వాలదంటారా?"

"వాలదు సర్. వెలుగు, వేడి రెండూ కలిసి మారాయంటే మొక్క ఆ లయకే అలవాటుపడుతుంది. మరీ సాగదీస్తే తప్ప."

"ఎంతవరకు సాగదీయొచ్చు?"

"మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతే చాలావరకు తట్టుకుంటుంది సర్," అంది సుభాషిణి, పరీక్షలో తెలిసిన ప్రశ్న పడ్డ పిల్లలా.

ఆ తర్వాత గాలిగొట్టాలన్నిటికీ హీటర్లు బిగించారు. ఇప్పుడు ఆకాశం వెలిగితే గాలి వేడెక్కుతుంది, ఆకాశం ఎర్రబడితే గాలి చల్లబడుతుంది. చిక్కుడు ఆకులు పగలంతా నిటారుగా నిలబడ్డాయి. గౌరి అందరితోపాటు నిద్రపోయి అందరితోపాటు లేవసాగింది. సన్యాసమ్మ గిన్నెనిండా పరమాన్నం తెచ్చి సుభాషిణి చేతికిచ్చింది.

"మీ చలవేనండీ. పిల్ల దక్కింది."

ఆ పరమాన్నం తినకుండానే సుభాషిణి దారం తీసి బోల్టు వేలాడదీసింది. క్లాకు బాగుచేసి ఉంటారని ఆశ. లెక్క డెబ్బై నాలుగు దగ్గర ఆగింది.

యంత్రం పాడవలేదు. ఎవరో కావాలనే మెల్లగా తిప్పుతున్నారు. పనివాళ్ల ఒప్పందాలన్నీ రోజుల లెక్కన రాసుకున్నవే. రోజు సాగితే డ్యూటీ సాగుతుంది, పైకి వెళ్లే రోజు దూరం జరుగుతుంది. ఇన్నాళ్లూ ఆ గుట్టు బయటపడే సందు గాలిగొట్టం ఒక్కటే. దాన్ని ఎలా మూయాలో తనే దగ్గరుండి చెప్పి వచ్చింది.

డ్యూటీ దిగి పైడిరాజు ఇంటికి రాగానే సుభాషిణి వెళ్లి దాచకుండా అంతా చెప్పింది. అతని ఎదురుగానే బోల్టు ఊపి లెక్కపెట్టి చూపించింది. పైడిరాజు శ్రద్ధగానే చూశాడు.

"దారం కాస్త పొట్టిగా కడితే బోల్టు జోరుగా ఊగదేటండీ?" అన్నాడు.

"ఊగుతుంది. కానీ నేను కొలిచే కట్టాను పైడిరాజూ."

"మీరు కొలిచారు. నాకేటి తెలుస్తాది?" అతని గొంతులో వెటకారం లేదు. "మొక్క వాలిపోతంటే రోజు తప్పుందన్నారు. నిజమే అనుకుందాం. ఇప్పుడు మొక్క నిలబడింది. మరి రోజు సరైనట్టే కదండీ?"

సుభాషిణి బోల్టును మళ్లీ ఊపి లెక్కపెట్టబోయింది.

"అలిసిపోయారు మేడమ్. కాసేపు పడుకోండి," అంది సన్యాసమ్మ మెత్తగా.

సుభాషిణి ఇంకో నాలుగిళ్లు తిరిగింది. అన్నిచోట్లా వాళ్లు మర్యాదగా విన్నారు, మర్యాదగానే సాగనంపారు. అప్పటికే ఆఫీసు ఇంటికొక చిక్కుడు కుండీ పంచిపెట్టింది. ఊరి గాలీ వెలుతురూ బాగున్నాయనడానికి అదే సాక్ష్యమని, ఆ సంగతి కనిపెట్టింది సుభాషిణిగారేనని మైకులో చెప్పారు. ఆమె పైకి రాసిన రెండు సందేశాలూ చేరలేదని సర్వరు జవాబిచ్చింది. పైకి వెళ్లే లిఫ్టులో తన పేరు రాయించుకోబోతే ఒప్పందానికి ఇంకా రోజులున్నాయన్నారు.

నెలలు గడిచాయి. అవి ఎంతెంత నెలలో ఆమె లెక్కపెట్టడం మానేసింది. మొదట్లో ఆకాశం ఎర్రబడకముందే కళ్లు వాలిపోయేవి. రానురాను అదీ పోయింది.

ఒకరోజు సన్యాసమ్మ పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఇంటి ముందు చుట్టుపక్కల వాళ్లంతా గుమిగూడారు. మధ్యలో గౌరి గోడ వదిలి నిలబడింది. ఒక అడుగు వేసింది. తూలింది. నిలదొక్కుకుని చకచకా నడిచి వచ్చి సుభాషిణి చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"తొమ్మిదో నెల కూడా నిండలేదండీ!" సన్యాసమ్మ మొహం వెలిగిపోతోంది. "నోటినిండా పళ్లు! అమ్మా, నాన్నా అనడం కూడా వచ్చీసింది. మా వంశంలో ఇంత తొందరగా నడిచిన పిల్ల లేదు."

"ఇక్కడ పుట్టిన పిల్లలంతా ఇంతేనమ్మా," అంది పక్కింటావిడ. "మా వాడూ అలాగే ఎదుగుతన్నాడు. అంతా ఈ ఊరి గాలి మహిమ."

"ఈ ఏడుతో మా ఒప్పందం అయిపోతాది," అన్నాడు పైడిరాజు కూతురి తల నిమురుతూ. "ఇంకో విడత ఉండిపోదామనుకుంటన్నాం మేడమ్. పిల్ల ఇంత బాగా ఎదుగుతంటే పైకెళ్లడం ఎందుకు?"

సుభాషిణి వంగి గౌరిని ఎత్తుకుంది. ఏడాది దాటిన పిల్ల బరువుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే గౌరి కూడా నవ్వుతూ చేతులు తట్టింది.