లోపలి పిడి

మా బావని ఇంట్లో అందరం సైంటిస్టు అనేవాళ్లం. చదివింది పదో తరగతి, అదీ రెండో దండయాత్రలో. కానీ ఏ కొత్త వస్తువు కనిపించినా దాని కడుపు విప్పి చూడందే నిద్రపోయేవాడు కాదు. నాలుగేళ్ల కిందట క్రిప్టో అనే మాట ఆయన చెవిన పడింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో వేరే కబురు లేదు.

నేను ఏసీలు, ఫ్రిజ్‌లు, కోల్డ్ స్టోరేజ్ గదులు బాగుచేసే మెకానిక్‌ని. అందుకని మెషిన్లు పెట్టుకోవడానికి చోటు వెతికే పని నా నెత్తిన పడింది. మూతబడిన కోల్డ్ స్టోరేజ్ ఒకటి నాకు తెలుసు. పొడవాటి నడవా, దానికి రెండు పక్కలా గదులు. చిట్టచివరి గది అద్దెకు తీసుకున్నాం. కిటికీ లేదు. జానెడు మందం తలుపు. చప్పుడు బయటికి పోదు, దొంగ లోపలికి రాడు. అందులో ఇనుప రాక్ మీద ఎనిమిది మెషిన్లు వరసగా పేర్చాడు బావ. అవి పగలూ రాత్రీ ఏవో లెక్కలు చేస్తూనే ఉంటాయి. ఆ చాకిరీకి కూలిగా క్రిప్టో చిల్లర మా ఖాతాలో పడుతూ ఉంటుంది.

"గాల్లోంచి డబ్బు తీస్తున్నావు సరే, కరెంటు బిల్లు మాత్రం నేల మీదే కడుతున్నావు కదా బావా" అనేవాణ్ణి.

"నవ్వరా బామ్మర్దీ, నవ్వు. మీ అక్కకి మేడ కట్టించిన రోజు నువ్వే వచ్చి ఏసీ బిగిద్దువుగాని."

అక్క స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ పేరున ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మేసి, నేను దాచుకున్నది కాస్త కలిపి, కొంత మెషిన్లకి పెట్టాం, మిగతాదానితో క్రిప్టో కొన్నాం. కొన్న ఏడాదే అది సగానికి సగం పడిపోయింది. అక్క మూడు రోజులు మాతో మాట్లాడలేదు. తర్వాత రెండేళ్లలో నాలుగింతలైంది. అమ్మేద్దామన్నాను. బావ ఒంటికాలి మీద లేచాడు.

ఆ ఖాతాకి తాళంచెవి ఏమిటంటే ఇరవై నాలుగు మాటలు. మామూలు ఇంగ్లిష్ మాటలే, ఒక వరసలో ఉంటాయి. ఆ మాటలు ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్లది. పోగొట్టుకుంటే అంతే సంగతులు. బ్యాంకైతే పోయినవాళ్ల కాగితాలు పట్టుకెళ్లి మేనేజరు కాళ్లావేళ్లా పడొచ్చు. దీనికి మేనేజరే లేడు. అందుకని బావా నేనూ మాటలు పంచుకున్నాం. మొదటి పన్నెండు ఆయనవి, చివరి పన్నెండు నావి. ఒకరివి ఒకరం చూడకూడదు, పైకి అనకూడదు, ఫోన్లో పెట్టుకోకూడదు. ఒకణ్ణి మోసం చేసి ఇంకొకడు పారిపోకుండా ఈ ఏర్పాటు. ఒకడు చచ్చిపోతే ఎలా అన్నది మాత్రం ఇద్దరికీ తట్టలేదు. నన్ను తిట్టుకోవడానికి నాకు ఇది ఒక్కటే కారణమైతే ఎంత బాగుండేదో.

పోయిన వేసవిలో బావ ఆ గదిలోనే పోయాడు. గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయింది. మెషిన్లు ఆగలేదు. వేడికి గుండె ఆగిందన్నారు డాక్టరు. మర్నాడు కోల్డ్ స్టోరేజ్ యజమాని తలుపు తీస్తే రాక్ వెనక గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట.

ఆయన పన్నెండు మాటల కోసం ఇల్లంతా గాలించాం. పరుపు విప్పాం, గడియారం విప్పాం. ఎక్కడా లేవు. ఈలోగా యజమాని కబురు పెట్టాడు, సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాలని. మాటలు దొరికితే అక్కకి ఇల్లు. దొరక్కపోతే జన్మంతా యూనిఫారాలే.

ఆ రోజే పొద్దున పదకొండింటికి ఇద్దరం ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్లాం. అక్క రోడ్డు మీద ఆటో దగ్గరే ఆగిపోయింది.

"నేను ఆ గదిలోకి రాలేనురా. నువ్వే చూడు. అణువణువూ చూడు."

"సరేలే, నువ్వు ఎండలో నిలబడకు."

నడవాలో చల్లగా ఉంది. పాత సున్నం వాసన. గది దగ్గరికి వచ్చేసరికి తలుపు మీద చెయ్యి పెడితేనే వేడి తెలిసింది. మెయిన్ స్విచ్ యజమాని గదిలో ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపలేదు, అందుకే మెషిన్లు ఇన్ని రోజులూ నడుస్తూనే ఉన్నాయి. తలుపు తీశాను. ఎనిమిది మెషిన్ల ఫ్యాన్ల హోరు ఒక్కసారి మొహాన కొట్టింది. బావ పోయాక యజమాని బాగుచేయించిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా తిరుగుతోంది. కాలిన దుమ్ము వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. దాని కింద ఇంకేదో పుల్లటి వాసన, చెమట పట్టిన చొక్కాది. నడవాలో పడి ఉన్న ఇటుక తెచ్చి తలుపుకి అడ్డంగా పెట్టాను. గట్టిగా కాలితో తోసి మరీ చూశాను. కదల్లేదు.

రాక్ కింద చూశాను. వైర్ల మధ్య, మెషిన్ల మీద, గోడకి అంటించిన టేపుల వెనక వెతికాను. ఏమీ లేదు. ఒక మెషిన్ పక్క రేకు విప్పుదామని స్క్రూడ్రైవర్ తీశాను.

వెనక చిన్న చప్పుడు. ఇటుక నేల మీద రాసుకున్న చప్పుడు.

తిరిగి చూసేసరికి ఇటుక గోడ పక్కన ఉంది. తలుపు మెల్లగా, ఎవరో మర్యాదగా వేసినట్టు మూసుకుంటోంది. పరిగెత్తాను. అందలేదు. టక్కుమని పడింది.

సరిగ్గా అప్పుడే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయింది.

ఇలాంటి తలుపులకి లోపలివైపు ఒక పిడి ఉంటుంది. నెడితే చాలు, బయట గడియ దానంతటదే ఊడుతుంది. లోపల మనిషి చిక్కుకోకూడదని పెడతారు. ఈ తలుపుకి పిడి ఉండాల్సిన చోట గుండ్రటి బెజ్జం ఒక్కటే ఉంది. నేను దాని వైపు చూడలేకపోయాను. ఎందుకంటే ఆ పిడి తీసింది నేనే.

ఐస్‌క్రీమ్ కంపెనీవాళ్ల గదికి పిడి విరిగింది. కొత్తది దొరకలేదు. వాళ్లు తొందరపెట్టారు. బావ లేనప్పుడు వచ్చి ఇక్కడిది విప్పుకుపోయాను. రెండు రోజుల్లో వేరేది తెచ్చి పెట్టేద్దాం, చెబితే సణుగుతాడు అనుకున్నాను. చప్పుడు బయటికి పోకుండా తలుపు మూసుకుని పనిచేసుకోవడం బావకి అలవాటని నాకు తెలుసు. తెలిసే తీశాను. ఆయన పోయాక అందరూ పాత తలుపు కదా, ఎప్పుడో ఊడిపోయి ఉంటుందన్నారు. నేనూ తలూపాను. అక్క ఎదురుగా నిలబడి తలూపాను.

తలుపు బాదాను. జానెడు మందం. నా గుద్దులు నాకే సరిగా వినపడలేదు. ఫోన్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పీల్చే గాలి వేడిగా ముక్కులో గుచ్చుకుంటోంది. మెషిన్లు ఆపకపోతే నా గతీ అంతే. రాక్ దగ్గరికి పరిగెత్తి మొదటి ప్లగ్ పీకాను. తర్వాత రెండోది.

హోరు కాస్త తగ్గింది.

మూడోది పీకాను. నాలుగోది.

ఆ హోరు కింద ఇంకో చప్పుడు ఉన్నట్టు అప్పుడు తెలిసింది. ఫ్యాన్ రెక్కకి ఏదో తగులుతోందేమో అనుకున్నాను. ఐదోది పీకాను. రెక్క కాదు. ఎవరో గొణుగుతున్నారు. ఒక మాట... కాస్త ఆగి ఇంకో మాట... పాఠం అప్పజెబుతున్నట్టు.

ఆరోది పీకాలంటే చెయ్యి రాలేదు. పీకకపోతే ఊపిరి ఆడేలా లేదు. పీకాను. ఏడోది కూడా.

"...ల్యాడర్... సాల్ట్... అంకుల్..."

బావ గొంతు. పడిశం పట్టినట్టుండే ఆ గొంతు నాకు తెలియదా. రాక్ వెనక నుంచి, గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి నోరు ఉండేంత ఎత్తులోంచి వస్తోంది. ట్యూబ్‌లైటు ధగధగా వెలుగుతోంది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. చీకటిగా ఉన్నా బాగుండేది.

ఎనిమిదోది పీకాను.

నిశ్శబ్దంలో ఆ గొంతు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది. పెన్ను తీసి ముంజేతి మీద రాసుకున్నాను. ఇది చెబితే సిగ్గుగా ఉంటుంది, అంత భయంలోనూ నాకు ఆ మాటలే కావాలనిపించింది. పది... పదకొండు... పన్నెండు. అయిపోయింది. ఆయన సగం ఆయన చెప్పేశాడు.

గొంతు ఆగలేదు.

"...లెమన్..."

పదమూడో మాట. నాది. ప్రపంచంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియనిది.

"బావా... వద్దు..."

పద్నాలుగు. పదిహేను. ఒక్కటీ తప్పకుండా చెప్పుకుపోతోంది. ఒక్కో మాటకీ గొంతు ఒక్కో అడుగు దగ్గరికొస్తోంది. వెనక్కి జరిగి జరిగి తలుపుకి వీపు ఆనించేశాను. ఆ బెజ్జం సరిగ్గా నా నడుము దగ్గర ఉంది. ఇరవై నాలుగో మాట నా చెవి పక్కనే వినిపించింది. పుల్లటి చెమట వాసన. తర్వాత, చాలా నెమ్మదిగా...

"చెప్పరా బామ్మర్దీ... ఎవరు తీశారు..."

కింద కూలబడ్డాను.

"నేనే... నేనే తీశాను బావా. తప్పయిపోయింది."

"మీ అక్కకి..."

"చెప్తాను. ఒట్టు. బయటికెళ్లగానే చెప్తాను. నన్ను వదిలెయ్యి."

అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. తలుపు బయట గడియ కిర్రుమంది. తలుపు రెండు వేళ్ల మేర తెరుచుకుని ఆగింది, మళ్లీ మూసుకోబోయింది. నేను అప్పటికి పాక్కుంటూ గది మధ్యకి వచ్చేశాను. మూడోసారికి పూర్తిగా తెరుచుకుంది. అక్క.

"ఎంతసేపట్రా! తలుపు అలా లోపల్నుంచి పట్టుకున్నావేంటి? లాగలేక చచ్చాను."

నేను తలుపుకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అక్క నా మొహం చూసింది. తర్వాత ముంజెయ్యి చూసింది. రాసిన మాటలు చూసి అక్కడే కూర్చుని భోరున ఏడ్చేసింది. ఎక్కడ దొరికాయని కూడా అడగలేదు. ఆ ఏడుపు మధ్యలో కాదు, రేపు చెబుదాం అనుకున్నాను.

ఖాతా తెరుచుకుంది. ఉన్నదంతా ఉన్నట్టే ఉంది. అక్క సగం అమ్మి చిన్న ఇల్లు కొనుక్కుంది. మెషిన్లు పాత సామాను కొట్టుకి వేశాం, నా కళ్లముందే సుత్తితో పగలగొట్టారు. అక్క మొహంలో మళ్లీ నవ్వు కనిపిస్తోంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా రేపు చెబుదాంలే అనుకుంటూ వచ్చాను.

రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసింది. మెషిన్లు ఎలా నడుస్తున్నాయో చూసుకునే పేజీ ఒకటి బావ ఆవిడ ఫోన్లో పెట్టించాడు. ఒక్కో మెషిన్‌కీ ఒక్కో వరస. ఎంత పనిచేసింది, ఎంత వేడిగా ఉంది అన్నీ చూపిస్తుంది. నచ్చకపోతే ఆపడానికి పక్కనే బటన్ కూడా ఉంటుంది.

"ఎనిమిదీ ఆగిపోయినట్టే ఉన్నాయిరా. కింద తొమ్మిదోది అని ఒకటి నడుస్తోంది. మనకి తొమ్మిదోది ఎక్కడిది?"

"వేడి ఎంతుంది?"

"అసలు వేడే లేదు. చల్లగా ఉందట. కానీ రోజూ కాస్త కాస్త పడుతోంది ఖాతాలో." గొంతు తగ్గించింది. "మీ బావేనేమోరా. ఇంకా మనకోసం కష్టపడుతున్నాడేమో. పిచ్చి మనిషి."

ఫోన్ పెట్టేశాను. పోయిన వారం మళ్లీ చేసింది. పదోది వచ్చిందట. ఇది చల్లగా లేదు, ముప్పై ఏడు డిగ్రీలు చూపిస్తోందట. రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేస్తోందట. ఆ వారం నుంచే నాకు ఎంత పడుకున్నా బడలిక తీరడం లేదు.

నిన్న మధ్యాహ్నం ఒళ్లు కాలిపోతుంటే సెల్సియస్ థర్మామీటర్ పెట్టుకుని చూసుకున్నాను. ముప్పై తొమ్మిదిన్నర. అది చేతిలోంచి కింద పెట్టకముందే ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, ఆ పదోది పొద్దుట్నుంచి తెగ వేడెక్కిపోతోంది. ముప్పై తొమ్మిదిన్నర అంటోంది. కాలిపోతుందేమోనని భయంగా ఉంది నాకు."

థర్మామీటర్ చేతిలోంచి జారిపోయింది. అక్కా అని పిలవబోయాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"వింటున్నావా? బటన్ మీదే ఉంది నా వేలు. ఆపెయ్యనా?"