తెర వెనక రెండో మైకు

గుడివాడ చుట్టుపక్కల మా ఆర్కెస్ట్రా మాట ఎత్తితే ముందు నా పేరే చెప్తారు, నాగమల్లేశ్వరి అని. గొప్పలు కాదండీ, ఉన్నమాట. అమ్మలందరూ వంటింట్లో పాడుకున్న ఆ పాత పాప్ పాట నేను ఎత్తుకున్నానంటే భోజనాల దగ్గరివాళ్లు కూడా చేతులు కడుక్కుని వచ్చేసేవాళ్లు. దాని రెండో చరణం గుక్క తిప్పుకోకుండా పాడాలి. నలభై సెకన్లు. మామూలు మనుషుల వల్ల కాదు.

నా వల్లా కాదు. సగం దాకా నేను పాడేదాన్ని. మిగతా సగం తెర వెనక రెండో మైకు పట్టుకుని పుష్పావతి అందుకునేది. దివిసీమ పిల్ల, అచ్చం నా గొంతే. నేను పెదాలు ఆడిస్తూ నవ్వుతూ నిలబడేదాన్ని. ఈ సంగతి మా ఇద్దరికీ, కీబోర్డు వాయించే ఆదినారాయణ గారికీ తప్ప ఎవరికీ తెలీదు.

"ఒక్కసారి నన్ను ముందు నిలబడనివ్వు అక్కా," అనేది.

"నీ మొహానికి అదొక్కటే తక్కువ," అనేదాన్ని. నవ్వేసేది, పిచ్చిది.

పుష్పావతికి ఉబ్బసం. చల్లపల్లి పెళ్లిలో స్టేజీ మీద పొగమిషన్లు పెట్టారు. పొగంతా తెర వెనక్కే పోయింది. చరణం మధ్యలో తెర సందులోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది. చూశాను. చూడలేదని అబద్ధం ఎందుకు? పాట అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. తన సగం మొత్తం పాడిందండీ, ఒక్క అక్షరం వదలకుండా. చప్పట్లు ఆగాక తెర తీస్తే కుర్చీలోంచి జారిపడి ఉంది. ప్రాణం పోయింది. మైకు చేతిలోనే ఉంది.

నాకు ఏడుపు రాలేదు. ఇక ఆ పాట ఎలా పాడాలిరా దేవుడా అనిపించింది, అంతే.

మూడు నెలలకి బందరులో, చిలకలపూడి వైపు ఒక రిసెప్షన్. మిట్టమధ్యాహ్నం. పెళ్లికొడుకు మావయ్య శ్రీకృష్ణ గారు హైదరాబాదులో టీవీ పాటల ప్రోగ్రాం తీస్తారు. "ఆ చరణం గుక్క తిప్పుకోకుండా పాడమ్మా, నిన్ను తీసుకెళ్తా," అన్నారు. పదేళ్లుగా నేను కాచుకుని కూర్చున్నది ఆ మాట కోసమే.

"చరణం కత్తిరిద్దామా?" ఆదినారాయణ గారు చెవిలో అడిగారు.

"వద్దండీ. సగంలో వయొలిన్ గట్టిగా పెంచండి. ఆ చప్పుడులో ఊపిరి తీసేసుకుంటా."

స్టేజీ వెనక ఈసారి తెర లేదు. గోడే.

హాలంతా మల్లెపూల వాసన, బిర్యానీ వాసన. ఏసీ గాలి మెడకి చల్లగా తగులుతోంది. చరణం ఎత్తుకున్నాను. సగం అయింది. నోరు మూశాను, ముక్కుతో పీలుద్దామని...

పాట ఆగలేదు.

వెనకనించి అందుకుంది. అదే చోట. అదే శ్రుతి. నిజం చెప్పనా? ముందు సంతోషించాను. వచ్చావా తల్లీ, పరువు నిలబెట్టావు అనుకున్నాను. అలవాటుగా పెదాలు ఆడించాను. నవ్వాను.

ఊపిరి పీల్చాను. రాలేదు.

మళ్లీ పీల్చాను. ఛాతీ కదల్లేదు. మల్లెపూల వాసన పోయింది. పొగ వాసన... అక్కడ పొగమిషన్లే లేవు. చరణం అయిపోవాల్సిన చోట అయిపోలేదు. మళ్లీ మొదటికొచ్చింది. పాడుతూనే ఉంది. ఇంకోవైపు చెవిలో, సన్నగా...

"పాట అయ్యాక చూద్దాంలే, అక్కా..."

ఆ మాట నేను మనసులో అనుకున్నది. ఎవరికీ చెప్పలేదు.

ఆదినారాయణ గారి వైపు చెయ్యి ఊపాను. జోరు పెంచమంటున్నాననుకుని ఇంకా గట్టిగా వాయించారు. జనం లేచి నిలబడ్డారు. వన్స్ మోర్... వన్స్ మోర్... కళ్లముందు లైట్లు నల్లబడ్డాయి.

లేచేసరికి ఆస్పత్రి. పక్కన ఆదినారాయణ గారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గుక్క తిప్పుకోకుండా ఆరు నిమిషాలు పాడావమ్మాయ్... ఎలా?" అన్నారు.



నిన్న పొద్దున శ్రీకృష్ణ గారు ఫోన్ చేశారు. రానని చెప్పేద్దామనే ఎత్తాను. బతికుంటే చాలు, టీవీ గీవీ ఏమీ వద్దు నాకు. నోరు తెరిచేలోపే జవాబు వెళ్లిపోయింది, నా వీపు వెనకనించి.

"వస్తామండీ."

"శభాష్! మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు. ఆ చరణం ఒక్కసారి వినిపించమ్మా."

వెనక ఎవరో గుండెనిండా ఊపిరి పీల్చారు. నా ఛాతీ లోపలికి లాక్కుపోయింది. ఎలాగో ఫోన్ కట్ చేశాను. స్విచాఫ్ చేశాను. బీరువాలో చీరల కింద తోసి తాళం వేశాను.

పాట ఇంకా మొదలుకాలేదు. బీరువాలో చప్పట్లు మొదలయ్యాయి.