పది గంటల పోస్టు

ఖుద్సియా స్కూటీ దొరికింది. ఖుద్సియా దొరకలేదు.

2008 మే 12, సోమవారం. ఉదయం 11.20.

బీరంగూడలో వేసవి సెలవులకు మూసిన ఓ ప్రైవేటు స్కూలు. దాని గేటు ముందు స్కూటీ ఎండలో మాడుతోంది. డిక్కీలో సెల్‌ఫోను. పద్నాలుగు మిస్డ్ కాల్స్. అన్నీ తమ్ముడు లతీఫ్ చేసినవే.

ఎస్ఐ పెద్దరాములు సీటు మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే తీసేశాడు.

"ఇంట్ల నుంచి ఎన్నింటికి ఎల్లింది?"

"ఏడున్నరకు సార్. తొమ్మిదికల్ల వస్త అన్నది."

"చేతిల ఏమున్నది?"

"రెండు కాగితాలు. మా సెంటర్ల ప్రింటు తీసింది." లతీఫ్ జేబులోంచి చిన్న ఇన్‌హేలర్ తీశాడు. "ఆపాకు ఆస్తమా సార్. ఇది ఇంట్లనే మరిచిపోయింది."

పెద్దరాములు వాచీ చూసుకున్నాడు. నాలుగు గంటలు గడిచిపోయాయి.

"ఎవరితోనన్న కొట్లాట?"

"ఆమెకు కొట్లాటకు టైమెక్కడిది సార్? ఈ బడిలనే సైన్స్ టీచరు. బడి, బ్లాగు, గంతే."

"బ్లాగంటే ఏందయ్యా?"

రోడ్డుకు అవతలే లతీఫ్ ఇంటర్నెట్ సెంటర్. కంప్యూటర్‌లో పేజీ తెరిచాడు. తెలుగులో సైన్స్ పాఠాలు. చేతితో గీసిన బొమ్మలు. ఖుద్సియా, ఆమె క్లాసులోని ఇరవై ముగ్గురు పిల్లలు కలిసి రాసినవి. ప్రతి పాఠం కింద రాసిన పిల్లల పేర్లు. ఆ కింద రెండు వాక్యాలు.

'ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు. రాసినవాళ్ల పేర్లు మాత్రం ఉంచాలి.'

"ఉత్తగనే ఇచ్చేసిందా?"

"ఆ లైసెన్సే గట్ల సార్. అందరికి పర్మిషన్ ముందే రాసిచ్చినట్టు."

పెద్దరాములు వేలు తెర మీద ఒకచోట ఆగింది. "నిన్నటి పాఠం. తెల్లారుజామున 2.45 అని ఉన్నది. అప్పటిదాక మేల్కొని ఉంటదా మీ అక్క?"

"లేదు సార్. పొద్దున ఎనిమిదింబావుకు, నా ముంగటనే పెట్టింది. ఆ గడియారం మొదటి నుంచి గట్లనే తప్పు చూపిస్తది."

"ఇంక ఏమన్న రాసి పెట్టిందా?"

లతీఫ్ పాస్‌వర్డ్ కొట్టి బ్లాగు లోపలికి వెళ్లాడు. అక్కడ ఒక పోస్టు కనిపించింది. పెద్దరాములు రెండుసార్లు చదివాడు.

"ఇది ఎవరెవరు చూడగలరు?"

"ఆపా, నేను. మూడో మనిషికి పాస్‌వర్డ్ తెల్వదు."

"ఎవనికీ చెప్పకు. నా ఎనుక రా."

మధ్యాహ్నం 12.35. స్కూలు ఆఫీసు గదిలో పెద్దరాములు పిలిపించిన ఇద్దరు కూర్చున్నారు. స్కూలు కరస్పాండెంట్ రామలింగేశ్వరరావు. సంగారెడ్డిలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే కిష్టప్ప. రావుగారి పేరుతో ఏడో తరగతి సైన్స్ గైడు ఆ రోజే సంగారెడ్డిలో ఆవిష్కరణ. నాలుగు గంటలకు.

"కిష్టప్పా, గైడు నువ్వే అచ్చేసినవా?"

"నేనే సార్. నాలుగు వేల కాపీలు."

"పొద్దున ఏడున్నర నుంచి ఎక్కడున్నవ్?"

"ప్రెస్సులనే. అట్టలు అతికిస్తున్న. ముగ్గురు కూలోళ్లున్నరు, అడుగున్రి."

"పాఠాలు ఎవరివి?"

"సారు తెచ్చిండు, సారువే అన్కున్న. ఎవరి తలకాయల నుంచి వచ్చినయో నా మిషనుకేం ఎరుక సార్?"

పెద్దరాములు ఇటు తిరిగాడు. "రావుగారూ, మీ మీద ఆ పిల్లకు కోపమట."

రావు చిన్నగా నవ్వాడు. "దాచేదేముందండీ? పొద్దున పదింటికి బ్లాగులో పెట్టింది కదా. లోకమంతా చదివింది. పదిహేడో పేజీలో పంపు బొమ్మకి వాల్వు తిరగేసి గీసిందట, ఆ తప్పు కూడా నేను కాపీ కొట్టేశానట. నేనే ఆమెను మాయం చేసి ఉంటే ఆ రాత బయటికి రానిస్తానా?"

"మీరు చదివిన్రా?"

"మా ఇంట్లోనే చదివాను. పదీ అయిదుకి."

పెద్దరాములు లేచాడు. బల్ల మీది కంప్యూటర్ను ఆయన వైపు తిప్పాడు.

"చూపెట్టున్రి."

రావు కళ్లజోడు పెట్టుకున్నాడు. పేజీ పైకి జరిపాడు. కిందికి జరిపాడు. మళ్లీ తెరిచాడు. పైన నిన్నటి పాఠమే ఉంది.

"తీసేసి ఉంటారు."

"తియ్యలే. ఇంకా రాలే."

పెద్దరాములు తెర మీది 2.45 మీద వేలు పెట్టాడు.

"లతీఫ్‌తోని లెక్క గట్టించిన. ఆ సాఫ్ట్‌వేర్ గడియారం గ్రీనిచ్‌ది, ఇంగ్లండు టైం. మనకంటే ఐదున్నర గంటలు ఎనక నడుస్తది. పొద్దున ఎనిమిదింబావుకు పెట్టిన పాఠానికి 2.45 అని చూపెట్టింది అందుకే. ఆ పిల్ల పోస్టుకు పది అని టైం పెట్టింది, ఆ టైముకు అదే బయటికొస్తది. దానికి పదయితే మనకు మూడున్నర. ఇప్పుడు ఒంటిగంట కూడ కాలే. ఆ రాత బ్లాగులోపల ఉన్నది, లేకుంటే ఆమె చేతిలోని రెండు కాగితాల మీద ఉన్నది. పాస్‌వర్డ్ మీకు లేదు. మరి వాల్వు సంగతి ఎక్కడ చదివిన్రు?"

రావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కాగితం మీద పది అని చూసిన్రు. వచ్చేసిందనుకున్నరు. అదే అడ్డం పెట్టుకొని తప్పించుకుందామనుకున్నరు."

లతీఫ్ ముందుకొచ్చి ఇన్‌హేలర్‌ను బల్ల మీద పెట్టాడు. "ఎక్కడ పెట్టిన్రు సార్? ఇది లేకుంటే మా ఆపాకు ఊపిరాడదు."

రావు దాన్ని చూశాడు.

"ఆస్తమా సంగతి నాకు తెలీదు. పుస్తకాలు చూసి మాట్లాడుకుందామని కారులో తీసుకెళ్లాను. పోస్టు తీసెయ్యమన్నాను. వినలేదు. సాయంత్రం ఫంక్షన్ అయ్యేదాకే అనుకున్నాను..."

"తాళం చెవి."

జేబులోంచి తీసిచ్చాడు. "పటేల్‌గూడ. పుస్తకాల షెడ్డు."

1.14కి జీపు షెడ్డు ముందు ఆగింది. రేకుల కప్పు. కిటికీ లేదు. తలుపు తియ్యగానే సెగ ముఖాన కొట్టింది. పుస్తకాల కట్టల సందులో ఖుద్సియా. తలుపు కింది సందుకు మూతి ఆనించి పడుకుంది. పెదాలు నీలం.

లతీఫ్ ఆమెను లేపి కూర్చోబెట్టాడు. ఒక పఫ్. కదలిక లేదు. ఇంకోటి. పెద్దరాములు తెలియకుండానే తన ఊపిరి బిగబట్టాడు.

మూడో పఫ్‌కు దగ్గు వచ్చింది. ఆ దగ్గుకు లతీఫ్ ఏడ్చేశాడు.

పటాన్‌చెరు ఆసుపత్రి. మూడు ముప్పై ఐదు. బ్లాగులో పోస్టు వచ్చిందని లతీఫ్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు. ఖుద్సియా కళ్లు మూసి తెరిచింది.

"ఉత్తగ ఇచ్చినదానికి ఇంత దూరం ఎందుకమ్మా?" అన్నాడు పెద్దరాములు.

ఆమె ఆక్సిజన్ మాస్కు కాస్త జరిపింది. "పుస్తకం వస్తే పేరు చూస్కుందామని పిల్లలు ఏడాది నుంచి ఎదురుచూస్తున్నరు సార్. ఏం చెప్పాలె వాళ్లకు?"

"ఆ నాలుగు వేలు కేసు సామానమ్మా. కోర్టు చెప్పేదాక కదలవు."

వాళ్ల వెంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డ కిష్టప్ప గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, బ్లాగుల నుంచి తీస్కొని నేను కొత్తగ అచ్చేస్తే, పర్మిషన్ ఎవరిని అడగాలె?"

"ఎవల్నీ అడిగేది లేదు."

"పేర్లు?"

"ఇరవై ముగ్గురివీ ఉండాలె."

కిష్టప్ప చెవి మీది పెన్సిల్ తీశాడు. మందుల చీటీ తిరగేసి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నిమ్మలంగ చెప్పు. తొందరేం లేదు."