మనువేల్ తట్టే పలకలు

హవాయి పెద్ద దీవిలో, హీలో ఊరి బయట ఒక సామిల్లు ఉందండి. పగలు చూస్తే పచ్చగా, చల్లగా ఎంత బావుంటుందో! చీకటి పడ్డాక మాత్రం దాని వెనక ఉన్న కిల్న్ వైపు ఎవరూ పోరట. కిల్న్ అంటే మరేం లేదు, కోసిన పచ్చి పలకల్ని దొంతులుగా పేర్చి, తలుపులు మూసి, వేడిగాలితో ఆరబెట్టే పెద్ద గది.

ఆ మిల్లులో నిలబడ్డ చెట్టు మీద రంపం పెట్టరు. గాలివానకి కూలినవి, ఇళ్ల కప్పుల మీద పడినవి, కరెంటు తీగల మీదికి ఒరిగినవి... అవే తెచ్చి కోస్తారు. ఆ రంపపు పొట్టుతోనే కిల్న్ వేడి చేస్తారు. ఒక్క పుల్ల కూడా వృథా పోదు. మనుషులే కాస్త అరిగిపోతారు.

అలా అరిగిపోయినవాడే మనువేల్. జుట్టు నెరిసేదాకా అక్కడే రంపం పట్టాడు. ఏ దొంతి దగ్గరికెళ్లినా వేలి కణుపుతో పలకల్ని వరసగా తట్టుకుంటూ పోయేవాడట. ఆరిన పలక ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. అదీ ఆయన పరీక్ష. ఓ రోజు అలాగే తట్టీ తట్టీ, దొంతి మీద కూర్చుని, ఆకులతో అల్లిన టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు అందరూ. సాయంత్రం లేపితే... లేవలేదు.

అప్పట్నుంచి రాత్రయితే చాలు, మూసిన కిల్న్‌లో — టక్. టక్. టక్.

దెయ్యాలకి గిట్టవని అక్కడివాళ్లు నమ్మే వెడల్పాటి ఆకులు కొన్ని తెచ్చి తలుపు గడియలకి కట్టారు. చప్పుడు వినబడినా పలకరించకూడదు. తలుపు తెరవకూడదు. అంతే.

మన ఆమోసు ఆ కిల్న్‌కి రాత్రి కాపలా. భీమవరం మనిషి. సముద్రానికి అవతల అమెరికా గడ్డ మీద, నోవై ఊళ్లో కార్ల కంపెనీ ఉద్యోగంలోంచి తీసేస్తే, వీసా నిలబెట్టుకోవడానికి ఈ మిల్లులో చేరాడు. భార్య లూసీ అక్కడా, ఇతనిక్కడా. దెయ్యం మాట ఎత్తితే ఆమోసు ఆవులించేవాడు.

"చెక్క ఆరేటప్పుడు బిగుసుకుంటుందమ్మా. అప్పుడు టక్కుమంటుంది. దానికో దెయ్యం ఎందుకు?"

ఆ మాట అంకితతోనే అన్నాడు ఆ సాయంత్రం. అంకితది అరోరా అనే ఊరు. పుట్టింది, పెరిగింది అమెరికాలోనే. చెక్కలో తడి ఎంతుందో చూసే ఉద్యోగం ఆ పిల్లది.

"ఓకే అంకుల్, మీ ఘోస్ట్‌కి హాయ్ చెప్పండి. నేను ఇంటికి పోతున్నా."

"నా మొహం చూస్తే అదే జడుసుకుంటుందిలే, వెళ్లిరా."

లోపల ఉన్నది మిల్లుకి దొరికిన పెద్ద ఆర్డరు. స్కూలు బెంచీల చెక్క. ఆమోసు ఫ్యాన్లు ఆన్ చేసి, కిల్న్ వెనక చిన్న తలుపుకి కాస్త ఇవతల ఉన్న కుర్చీలో కూలబడి లూసీకి ఫోన్ చేశాడు. అక్కడ అర్ధరాత్రి.

"ఏమండీ, గొంతు అలా ఉందేం? తిన్నారా?"

"తిన్నా... ఈ లోడు ఒక్కటీ బాగా దిగితే చాలు లూసీ. మధ్యలో తలుపు తీశామా, చల్లగాలి తగిలి పలకలన్నీ నెర్రెలిస్తాయి. లోడు పోతే ఉద్యోగం, ఉద్యోగం పోతే..."

"పోదు. ప్రార్థన చేసుకుని కూర్చోండి."

ఫోన్ పెట్టేశాడు. బయట హీలో వాన... కురుస్తూనే ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

కాసేపటికి ఫ్యాన్లు ఆగాయి. లోపలి వేడిగాలిని రెండో దిక్కుకి తిప్పే ముందు అవి ఎప్పుడూ అలా కాస్త ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో —

టక్. టక్. టక్.

'చెక్కే' అనుకున్నాడు.

టక్. టక్. టక్... ఈసారి కొంచెం ఇవతల. మళ్లీ ఇంకొంచెం ఇవతల.

మత్తు వదిలిపోయింది. చెక్క బిగుసుకుంటే అక్కడొకటి, ఇక్కడొకటి మోగుతుంది. ఇలా నడుచుకుంటూ రాదు! ఆ చప్పుడు దొంతి పొడుగునా వచ్చి వెనక చిన్న తలుపు దగ్గర ఆగింది. ఆగి... తలుపునే కొట్టడం మొదలుపెట్టింది.

"యేసు రక్తమే జయం... యేసు రక్తమే జయం..." గొణిగాడు ఆమోసు.

తెరిస్తే లోడు పోతుంది. తెరవకపోతే... ఈ చప్పుడు తెల్లారేదాకా వినాలి. నిజం చెప్పాలంటే ఆమోసుకి భయపడే ఓపిక కూడా లేదు. లేచాడు. గడియకి కట్టిన ఆకులు చేతికి చల్లగా తగిలాయి. లాగాడు. రాలేదు. వానకి చెక్క తలుపు ఉబ్బి చట్రంలో ఇరుక్కుపోయింది. గోడకి కాలు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు —

వేడి గుప్పున మొహాన కొట్టింది.

గుమ్మం లోపల, నేల మీద... అంకిత!

భుజాల కింద చేతులేసి వానలోకి ఈడ్చుకొచ్చాడు. మొహం మీద చినుకులు పడ్డాక గానీ కళ్లు తెరవలేదు. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగించాడు.

"ఇంటికి పోలేదా తల్లీ? లోపలికెందుకెళ్లావ్?"

"ఒక సెన్సర్ పెట్టడం మర్చిపోయా... మీరు ఫ్యాన్లు వేయకముందే, వన్ మినిట్ అనుకుని వెళ్లా. డోర్ స్టక్ అయింది. ఎంత అరిచినా... ఫ్యాన్ సౌండ్."

"పోన్లే, తలుపు కొట్టావు కాబట్టి సరిపోయింది."

అంకిత తల అడ్డంగా ఊపింది.

"నేను కొట్టలేదు అంకుల్. నాకు చెయ్యి కూడా లేవలేదు. మీరే కదా కొట్టారు? లోపలే ఉన్నారు కదా... వుడ్ తట్టుకుంటూ వచ్చారు. నన్ను చూసి ఆగారు. తర్వాత డోర్ కొట్టారు." వానలో ఆమోసు నెత్తివైపు తేరిపార చూసింది. "మీ హ్యాట్ ఏది?"

"ఏ హ్యాటమ్మా?"

"అదే... ఆకులతో చేసింది."

ఆమోసు చెయ్యి తడిసిన జుట్టు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. జన్మలో టోపీ పెట్టి ఎరగడు.

అంబులెన్సు వచ్చింది, అంకిత బతికింది. తలుపు పక్క దొంతి ఒక్కటే నెర్రెలిచ్చింది, ఉద్యోగమూ నిలిచింది. మర్నాడు రాత్రి ఆమోసు డ్యూటీకి రాగానే గడియలకున్న ఆకులన్నీ విప్పేశాడు. పనివాళ్లు లబోదిబోమన్నారు.

"ఆయన్ని ఉండనివ్వండయ్యా. పాపం, చచ్చినా డ్యూటీ దిగలేదు."

అందరూ వెళ్లాక తలుపుకి చెవి ఆనించి గుసగుసగా అన్నాడు —

"తాతా... ఇవాళ నేను చూసుకుంటాలే. నువ్వు కాస్త పడుకో."

ఫ్యాన్లు ఆగాయి. లోపల ఏ చప్పుడూ లేదు. హమ్మయ్య అనుకుని, కుర్చీ దగ్గరికొచ్చి టార్చి వేశాడు.

కుర్చీలో, తను కూర్చునే చోట... ఆకులతో అల్లిన పాత టోపీ. బయట అంత వాన కురుస్తున్నా, పొడిగా ఉంది. ముట్టుకుంటే — వెచ్చగా ఉంది.